నీటితోపాటు లేచే రేవు

ఫ్రాన్సు వెళ్లినవాళ్లు ఐఫెల్ గోపురం చూస్తారు, లూవర్ ప్రదర్శనశాల చూస్తారు, కాళ్లు నొప్పులు పుట్టేదాకా తిరిగి ఇంటికి వస్తారు. నేనూ ఆ పని చేశాను. మూడోనాడు తెల్లవారుజామున మా మేనల్లుడు నన్ను తట్టి లేపి, "మావయ్యా, ఇవాళ మీకొక రేవు చూపిస్తాను, లేవండి" అన్నాడు.

"ఒరే, గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి. రేవు చూడడానికి ఇంతదూరం రావాలిట్రా?" అన్నాను దుప్పటి లాక్కుంటూ.

"గోదావరి ఒడ్డున పుట్టారు గనకే చూడాలి" అన్నాడు వాడు.

వాడు అక్కడ సివిలు ఇంజనీరింగులో పై చదువు చదువుతున్నాడు. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఇనుము, కాంక్రీటు మాటలు నాకు తలకెక్కవు. అయినా పిల్లవాడి ఉత్సాహం చూచి బయలుదేరాను. సెంట్ లజార్ స్టేషనులో రైలెక్కి, రెండుగంటలు దాటిన ప్రయాణం తరువాత బయ్యూ అనే పాత పట్టణంలో దిగాము. అక్కడి పెద్ద చర్చి గోపురాలు చూచి కాసేపు ఆగుదామన్నాను. "పోటు మనకోసం ఆగదు" అని మేనల్లుడు బస్సు ఎక్కించాడు. ఆపిలు తోటలు, పచ్చిక మైదానాలు, బలిసిన ఆవులు దాటుకుంటూ 10 కిలోమీటర్లు పోయేసరికి సముద్రం కనిపించింది. ఆ ఊరి పేరు ఆరోమాంష్. నాలుగు వీధులు, ఒక ఇసుక తీరం, అటూ ఇటూ ఎత్తయిన కొండగట్లు. ఊరంతా కలిపి మన పెద్ద అగ్రహారమంత ఉండదు.

మేము వెళ్లేసరికి పాటు సమయం. సముద్రం చాలాదూరం వెనక్కి తగ్గిపోయింది. తడి ఇసుకమీద అక్కడక్కడ నాచుపట్టిన పెద్ద కాంక్రీటు డబ్బాలు, పగిలిన పడవల్లా, పడి ఉన్నాయి. దూరాన నీళ్లలో నల్లగా, వరుసగా, కూలిన కోటగోడలాంటివి కనిపించాయి.

"ఇదేనా నీ రేవు?" అన్నాను.

"ఇదే. 1944లో వారాల్లో కట్టారు. కాదు, కట్టలేదు. ఇంగ్లండులో తునకలు తునకలుగా తయారుచేసి, సముద్రంమీద సుమారు 100 మైళ్లు ఈడ్చుకొచ్చి, ఇక్కడ తగిలించారు."

అప్పటికి నాకు నిద్రమత్తు వదిలింది.

సంగతి ఏమిటంటే, రెండో ప్రపంచయుద్ధంలో జర్మనుల చేతిలో ఉన్న ఫ్రాన్సు తీరంమీద మిత్రరాజ్యాల సైన్యం దిగాలి. మనుషులు దిగితే చాలదు. వాళ్లకు రోజూ తిండి, మందులు, పెట్రోలు, గుండ్లు, లారీలు దిగుతూ ఉండాలి. వాటికి రేవు కావాలి. ఉన్న రేవులకన్నిటికీ జర్మనులు గట్టి కాపలా పెట్టారు. 1942 ఆగస్టు 19న డియెప్ అనే రేవుమీద చేసిన దాడిలో ఒక్క కెనడా సైనికులే 900 మందికి పైగా చనిపోయారు. రేవును పట్టుకోవడం కుదరకపోతే రేవునే వెంట తీసుకుపోవాలన్న ఆలోచన ఆ దెబ్బతో బలపడింది. అంతకుముందే, 1942 మే 30న, బ్రిటిషు ప్రధాని చర్చిల్ తన అధికారులకు ఒక చిన్న చీటీ పంపాడు. తీరంలో వేసే వంతెనరేవు పోటుపాటులతో లేస్తూ దిగుతూ ఉండాలనీ, లంగరు సంగతి తేల్చవలసిందనీ దాని సారాంశం.

ఆ చీటీ మాట మేనల్లుడు చెబుతూంటే నాకు మా మామ్మ జ్ఞాపకం వచ్చింది.

మా ఊరు వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. సముద్రం దగ్గర గనక నదికి కూడా పోటూ పాటూ తెలుస్తాయి. నా చిన్నతనంలో ఒక మాఘమాసంలో మామ్మ నన్ను వెంటబెట్టుకొని అంతర్వేది తీర్థానికి లాంచీమీద వెళ్లింది. పొద్దున మేము ఎక్కినప్పుడు నీరు నిండుగా ఉంది. లాంచీ అంచుకూ గట్టుకూ మధ్య వేసిన బల్ల సమంగా ఉంది. తిరిగి వచ్చేసరికి పాటు. లాంచీ మనిషిలోతు కిందికి దిగిపోయింది. అదే బల్ల నిచ్చెనలా నిలబడింది, దానిమీద వందమంది కాళ్ల బురద. మామ్మ ఒక చేతిలో ప్రసాదం పొట్లం, ఒక చేతిలో నా చెయ్యి పట్టుకొంది. జారేటప్పుడు నా చెయ్యి వదిలేసింది. నేనుకూడా పడకూడదని వదిలేసిందని పెద్దయ్యాక తెలిసింది. తుంటి విరిగింది. ఆ తరువాత నాలుగేళ్లు బతికిందిగాని మళ్లీ నడవలేదు. తప్పు ఎవరిదీ కాదు. గట్టు కదలదు, నీరు నిలవదు, మధ్య ఉన్నది ఒక బల్ల.

ఆరోమాంష్ తీరంలో పోటుకూ పాటుకూ తేడా 20 అడుగులు దాటుతుంది. మా రేవులో ఒక ముసలామె దిగవలసిన చోట ఇక్కడ 30 టన్నుల టాంకులు దిగాలి. చిక్కు మాత్రం అదే.

ఈ చిక్కుకు ముగ్గురు మూడు దారులు చెప్పారట. 1943లో స్కాట్లండులో గార్లీస్టన్ అనే చోట మూడింటినీ సముద్రంలో వేసి పరీక్షించారు. మొదటిది హ్యూస్ అనే ఇంజనీరుది: సముద్రం అడుగున కూర్చునే భారీ కాంక్రీటు దిమ్మలు, వాటిమీద బిగువైన ఉక్కు వంతెనలు. రెండోది హామిల్టన్‌ది: నీరు పట్టని కాన్వాసు గుడ్డకు బద్దలు అమర్చి, చాపలా చుట్టి తెచ్చి, నీటిమీద పరిచి తాళ్లతో బిగలాగే దారి. ఎంత తేలికో అంత తేలిక. కాని 7 టన్నులకు మించి మోయదు. మూడోది అలన్ బెకెట్ అనే యువకుడిది. అప్పటికి అతనికి 30 ఏళ్లు నిండలేదు. తేలే డబ్బాలమీద వరుసగా ఆనించిన ఉక్కు వంతెన తునకలు అతని పద్ధతి.

ఎవరి పద్ధతి మంచిదో పెద్దలు తేల్చుకొనేలోపున తుపాను వచ్చి తీర్పు చెప్పింది. దిమ్మల కింది ఇసుకను అలలు తొలిచేశాయి. దిమ్మలు ఒరిగి, పైనున్న బిగువు వంతెనలు పాడయ్యాయి. చాపదారి కొట్టుకుపోయింది. బెకెట్ వంతెన మాత్రం దెబ్బతినకుండా నిలిచింది.

"ఎందుకు నిలిచిందిరా?" అని అడిగాను.

మేనల్లుడు ఇసుకలో కూర్చుని, జేబులోంచి రైలు టిక్కెట్లు తీసి వరుసగా పేర్చాడు. "ఒక్కొక్క తునక 80 అడుగుల పొడుగు, 28 టన్నుల బరువు. మామూలు వంతెన అయితే మెలిపెడితే విరుగుతుంది. ఇది మెలితిరిగేటట్టే చేశారు. ఒక డబ్బా అల ఎక్కినప్పుడు పక్క డబ్బా అల దిగుతుంది. మధ్య తునక బట్ట పిండినట్టు కొంచెం మెలితిరిగి మళ్లీ సర్దుకొంటుంది. అతుకులు అన్నివైపులకూ ఆడతాయి. పోటుపాటులకు దారి పొడుగు మారుతుంది గనక, సాగే తునకలు కూడా చేశారు. ఆరేసి తునకలు ఒక దండగా కట్టి ఓడల వెనక ఈడ్చుకొచ్చారు. కొన్ని దారిలోనే మునిగిపోయాయి."

ఇక ఓడలు ఆగేచోట తేలే దారి ఒక్కటే చాలదు. ఓడ పక్కన అరుగు ఊగుతూ ఉంటే సరుకు దింపడం కష్టం. అక్కడ వేరే ఉపాయం చేశారు. 200 అడుగుల పొడుగు, 60 అడుగుల వెడల్పు గల ఉక్కు పంటుకు నాలుగు మూలలా నాలుగు కాళ్లు. ఒక్కొక్కటి సుమారు 90 అడుగులు. కాళ్లు సముద్రం అడుగున నిలబడతాయి. అరుగు మాత్రం నీటిమట్టాన్నిబట్టి ఆ కాళ్ల వెంట పైకీ కిందికీ పోతుంది. లాబ్నిట్జ్ కంపెనీవారి పూడిక తీసే ఓడ ఒకటి ఇలాగే కాళ్లమీద నిలిచి పెద్ద తుపానుకు తట్టుకొన్నదట. దాన్ని చూచి తీసుకొన్న ఉపాయం ఇది.

వీటన్నిటికీ పెట్టిన రహస్యపు పేర్లు చెబితే నవ్వొస్తుంది. మొత్తం రేవు పేరు మల్బరీ, మన పట్టుపురుగులు తినే ఆకే. వంతెనదారి తిమింగలం. కింద తేలే డబ్బా పెంకుపురుగు. లంగరు గాలిపటం. శత్రువు చెవిని పడ్డా రేవు కడుతున్నారని ఎవడనుకొంటాడు?

ఆ లంగరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అదీ బెకెట్ చేసిందే. లాగినకొద్దీ ఇసుకలోకి లోతుగా దిగే లంగరు. యుద్ధం అయిపోయాక పైకి తీద్దామంటే చాలావాటిని తీయలేకపోయారు. దాని నమూనా ఒకటి ఆరోమాంష్‌లో బెకెట్ స్మారకచిహ్నం దగ్గర నిలబెట్టారు. పైన ఎంత తేలికగా తేలేది అయితే కింద అంత గట్టి పట్టు ఉండాలి కాబోలు.

1944 జూన్ 6న సైన్యం దిగింది. కొద్దిరోజుల్లోనే రెండు రేవులు లేచాయి. ఇక్కడిది బ్రిటిషువారిది, పడమటివైపు సెంట్ లారెంట్ దగ్గరిది అమెరికావారిది. జూన్ 19న తుపాను పట్టుకొని మూడురోజులు వదలలేదు. అలలు ఆపడానికి బయట కట్టిన తేలే ఉక్కు అడ్డుకట్టలు తెగి, రేవులమీదికే వచ్చి పడ్డాయి. అమెరికావారి రేవు పనికిరాకుండా పోయింది. ఆరోమాంష్ రేవు దెబ్బలు తిని నిలిచింది. అక్కడ మిగిలిన తునకలు తెచ్చి దీనికి అతుకులు వేశారు. ఒకటి పోయి ఒకటి నిలవడానికి ఇంజనీర్లు చాలా కారణాలు చెబుతారు. ఆ తీరానికి అలల తాకిడి ఎక్కువన్నది ఒకటి, డబ్బాలకు లంగర్లు పూర్తిగా వేయలేదన్నది మరొకటి. అమెరికావారు తరువాత ఓడలను నేరుగా ఇసుకమీదికే పోనిచ్చి చాలా సరుకు దింపారు గనక, అసలింత శ్రమ అవసరమా అని వాదించేవారూ ఉన్నారు.

ప్రదర్శనశాలలోకి వెళ్లాము. 1954లో తెరిచిన పాతదాని స్థానంలో 2023లో కొత్త భవనం కట్టారు. రేవు నమూనాలముందు బడిపిల్లలు గుమిగూడారు. నీరు లేచినప్పుడు అరుగు ఎలా లేస్తుందో, దారి ఎలా వంగుతుందో బొమ్మలో చూచి నాకు పూర్తిగా అర్థమైంది. పెద్దవాణ్ణయినా పిల్లల వెనక నిలబడి రెండుసార్లు చూచాను.

బయటికి వచ్చేసరికి పోటు మొదలైంది. కాంక్రీటు డబ్బాలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. గట్టు గోడమీద కూర్చున్నాక మేనల్లుడు అసలు మాట బయటపెట్టాడు. మన ఊరి రేవుకు ఒక చిన్న తేలే దిగుడు గీస్తున్నాడట. గాలి చొరని డబ్బాలు, వాటిమీద తేలికైన చట్రం, పైన బల్లలు. ఒక్కొక్క తునక నలుగురు మనుషులు మోయగలిగినంతే. గట్టువైపు బందుమీద తిరిగే నడవ, పక్కన పాతిన గుంజలవెంట కడియాలతో లేచీ దిగే అరుగు.

"బాగానే ఉంది. గోదారికి వరద వస్తే? 1986 ఆగస్టులో వచ్చిన వరదలో మానులే కొట్టుకొచ్చాయి. నీ తేలిక డబ్బాలు ఒక లెక్కా?" అన్నాను.

"వరదకు ఎదురు నిలబడమని కాదు మావయ్యా, తేలికగా చేసేది. వరద వస్తోందని తెలియగానే విప్పి, గట్టుమీదికి మోసుకుపోవడానికి. పోయాక మళ్లీ తగిలించుకోవడానికి."

"మరి విప్పేదెవరు?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. అదే అసలు ప్రశ్న అని నాకూ తెలుసు. అమెరికావారి రేవుకు వేయకుండా మిగిలిన లంగర్ల మాట మాకిద్దరికీ గుర్తుంది. గీసేవాడు ఎక్కడో గీస్తాడు. సమయానికి ముడి వేసేవాడు, సమయానికి విప్పేవాడు రేవులోనే ఉండాలి. చివరికి వాడన్నాడు: "పడవవాళ్లనే ముందు అడుగుతాను. వాళ్లు ఒప్పుకొన్న కొలతలతోనే గీస్తాను. సెలవుల్లో మీరు నాతో రేవుకు రండి. నా మాట వాళ్లకు ఇంజనీరు మాటలా ఉంటుంది."

వస్తానన్నాను. నా చదువు ఇన్నాళ్లకు ఒక రేవుకు పనికివస్తుందంటే కాదనడమెందుకు?

ఆరోమాంష్ రేవు మూడునెలల అవసరానికని చేసింది. అంతకు మించి పనిచేసింది. యుద్ధం ముగిశాక ఆ వంతెన తునకలను విప్పి, ఫ్రాన్సు, బెల్జియం, హాలండు దేశాల్లో కూలిన వంతెనలచోట వేశారు. 1954లో కొన్ని ఆఫ్రికాలోని కామెరూన్ దాకా వెళ్లాయి. టాంకులకోసం చేసిన దారిమీద తరువాత పాలబండ్లు, బడిపిల్లలు నడిచి ఉంటారు. విప్పడానికి వీలుగా చేసిన వస్తువుకు ఇలాంటి రెండో జన్మ దొరుకుతుంది కాబోలు.

సాయంకాలం బస్సు వేళకు నీరు గోడదాకా వచ్చింది. పొద్దున మేము నడిచిన ఇసుక ఎక్కడుందో తెలియలేదు. గోడమీదినుంచి దిగుతూంటే మేనల్లుడు అలవాటుగా చెయ్యి అందించాడు. అక్కరలేదు, నాలుగు మెట్లేగదా అందామనుకొన్నాను. అనలేదు. వాడి చెయ్యి పట్టుకొనే దిగాను.