రాజులు పోయినా... కొలువులున్నాయి!

ఇంజినీరింగ్‌లో చేరితే ‘ఎందుకు?’ అని ఎవరూ అడగరు. అదే బీఏలో హిస్టరీ అంటే ఇంటిల్లిపాదీ అడుగుతారు. నేనూ ఆ ప్రశ్న దాటి వచ్చినవాణ్నే. బీఏ హిస్టరీ మీద జర్నలిజం డిప్లొమా చేశాకే నాకు ఉద్యోగం వచ్చింది. అందుకే మా బాబాయి, కూతురు హిస్టరీ చదువుతానంటే ‘దీనికి ఉద్యోగం ఎక్కడుందో చూపించరా, హాస్టల్ ఫీజు కడతా’ అన్నప్పుడు కోపం రాలేదు. అప్పు చేసి చదివించే తండ్రి అడగాల్సిన మాటే అది.

నిజమే, ఒట్టి డిగ్రీ చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. కానీ ఆ చదువు నేర్పే పనికి విలువుంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడినే తీసుకోండి. దాని ఇసుక పునాది గురించి ఇంజినీరు చెప్పగలడు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 1213 నాటిదనీ తేల్చాలంటే మాత్రం శాసనం చదివేవాళ్లు కావాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల నాటి పర్షియన్ కాగితాలున్నాయి. చదవాలంటే ఆ భాష రావాలి, భద్రపరచాలంటే డిజిటైజేషన్ తెలియాలి. అంటే... డిగ్రీకి తోడు మరో విద్య చేతిలో ఉండాలన్నమాట!

చెల్లికి అదే చెప్పాను. మొదటి ఏడాది నుంచే ఒక పాత భాషో లిపో మొదలుపెట్టు. జీఐఎస్ మ్యాపులో డేటాబేసో నేర్చుకో. తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండేసి పేజీలు తప్పుల్లేకుండా రాయడం అలవాటు చేసుకో. రికార్డుల నిర్వహణ ఇష్టమైతే ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ డిప్లొమా ఉంది. తవ్వకాలంటే ఆసక్తి ఉంటే పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలోని పురావస్తు సంస్థ ఉంది. బీఈడీ చేస్తే టీచర్ కొలువులు. గ్రూప్స్, సివిల్స్‌లో చరిత్ర ఎలాగూ ఉంటుంది. అయితే పోస్టులు కొన్నే, పోటీ పడేవాళ్లు లక్షల్లో... అదొక్కటే నమ్ముకోవద్దు.

ఒకే సంఘటనను ముగ్గురు మూడు రకాలుగా చెబితే, ఎవరు ఎందుకలా చెబుతున్నారో చూసి ఆధారం దొరికిందే రాయాలి. రోజూ నేను చేసే పని ఇదే. నేర్చుకున్నది హిస్టరీ క్లాసులోనే. లాయరుకైనా, బ్యాంకులో రుణ దరఖాస్తు పరిశీలించేవారికైనా కావాల్సింది ఇదే నేర్పు. కాకపోతే అది మనకుందని చూపించుకోవాలి. రెజ్యూమెలో ‘బీఏ హిస్టరీ’ అని రాసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? ‘పంచాయతీ పాత రికార్డులు చదివి, పెద్దల్ని అడిగి, మా ఊరి చెరువు ఎలా కుంచించుకుపోయిందో మ్యాపు గీశాను’ అని రాస్తే, ఎదుటివారు మరో ప్రశ్న వేస్తారు. ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది.