పొట్టు పొయ్యికి కరెంటు పెడితే...

డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా కాలనీలో శనివారం పొద్దున్నే పోపు వాసన, పొగ వాసన కలిసొస్తాయి. పోపు సంగతి మీకు తెలిసిందే. పొగ మాత్రం పెరట్లో పెట్టుకున్న పెల్లెట్ స్మోకర్లది. మాంసాన్ని నేరుగా మంట మీద కాల్చకుండా, తక్కువ వేడిలో, సన్నటి పొగలో గంటల తరబడి మగ్గించే యంత్రం అది. వేడి ఎంత కావాలో పెట్టేసి, వెళ్లి హాయిగా పడుకోండి అని చెప్పి అమ్ముతారు. ఆ మాటలో ముప్పాతిక వంతు నిజం. మిగతా పాతిక గురించే ఇప్పుడు నా గోలంతా.

చూడ్డానికి పెద్ద పీపాని అడ్డంగా పడుకోబెట్టినట్టుంటుంది. పక్కన హాపర్ అని ఒక డబ్బా. అందులో పెల్లెట్లు పోస్తాం. పెల్లెట్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు, రంపపు పొట్టుని గట్టిగా అదిమి చేసిన చిన్న ముక్క. ఆ ఒత్తిడికి పుట్టిన వేడితో, చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడి పొట్టుని అతికించేస్తుంది. హాపర్ అడుగున ఆగర్ అనే మరచుట్ల కడ్డీ మెల్లగా తిరుగుతూ పెల్లెట్లని కొంచెం కొంచెంగా ఫైర్‌పాట్‌లోకి తోస్తుంది. ఫైర్‌పాట్ అంటే గ్లాసంత ఇనప గిన్నె, అంతే. మొదటి కొన్ని నిమిషాలు ఇగ్నైటర్ అనే కడ్డీ ఎర్రగా కాలి నిప్పంటిస్తుంది. ఆ తర్వాత ఫ్యాన్ విసురుతూ ఉంటుంది. లోపల ఎంత వేడుందో సెన్సర్ చెబుతుంది, అది విని ఇంకెన్ని పెల్లెట్లు వేయాలో కంట్రోలర్ లెక్కేసుకుంటుంది. ఆరెగాన్ రాష్ట్రంలో మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో జో ట్రేగర్ అనే ఆయన 1980ల్లో దీన్ని తయారుచేశాడు. 1986లో పేటెంట్ వచ్చింది. దాని గడువు తీరాక రకరకాల కంపెనీలు రంగంలోకి దిగాయి. నా దగ్గరున్నది వేరే ఊరెళ్లిపోతున్న ఒక కొలీగ్ దగ్గర సగం ధరకి కొన్నది.

పోయినేడాది అమ్మ ఆర్నెల్లు ఉండటానికి రాజమండ్రి నుంచి వచ్చింది. నేను కొత్త బస్తా విప్పి హాపర్‌లో పోస్తుంటే గుప్పెడు పెల్లెట్లు తీసుకుంది. ఒకటి విరిచి వాసన చూసింది.

“ఒరేయ్, ఇది సామిల్లు పొట్టే కదరా. దీన్ని డాలర్లు పోసి కొంటున్నావా?”

అమ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఇంట్లో పొట్టు పొయ్యి ఉండేదట. మీలో చాలామంది చూసుండరు. ఒక రేకు డబ్బాకి కింద పక్కన చిన్న కన్నం. డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కన్నంలోంచి ఒక కర్ర దూర్చి, చుట్టూ రంపపు పొట్టు కూరి కూరి నింపాలి. తర్వాత సీసా, కర్ర మెల్లగా లాగేస్తే లోపల గొట్టంలా దారి మిగులుతుంది. కింద కన్నంలోంచి నిప్పంటిస్తే గంటల తరబడి కాలుతుంది. అన్నం, కూర, స్నానానికి నీళ్లు అన్నీ దాని మీదే. పొట్టు తడిగా ఉంటే పొగ తప్ప మంట రాదు. వదులుగా కూరితే మధ్యలో కూలి ఆరిపోతుంది. కింద బూడిద పేరుకుంటే గాలాడక చస్తుంది. ఇవన్నీ చెప్పేసి అమ్మ, “దీనికేమో కరెంటు పెట్టారు, తేడా ఏముంది?” అంది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ తర్వాత ఈ యంత్రం ఎప్పుడు మొరాయించినా, కారణం అమ్మ చెప్పిన వాటిలోనే దొరికింది.

ఏప్రిల్‌లో ఫ్రెండ్ కూతురి మొదటి పుట్టినరోజు. ముప్పై మంది. చికెన్ నాది. నలభై లెగ్ పీసులకి ముందురోజు రాత్రే అల్లంవెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ఎనిమిదింటికి స్మోకర్ 225 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వచ్చాక పేర్చాను. ఇక్కడ అన్నీ ఫారెన్‌హీటే. 225 అంటే మన లెక్కలో సుమారు 107. యాభై నిమిషాల తర్వాత ఫోన్‌లో చూస్తే 160. కాసేపటికి 150. మెల్లగా దిగిపోతోంది.

ఇలాంటప్పుడు ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన ఆపేసి మళ్లీ ఆన్ చేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. నిప్పు ఆరిపోయినా ఆగర్ తోస్తూనే ఉండుంటే ఫైర్‌పాట్ నిండా కాలని పెల్లెట్లు గుట్టగా పడుంటాయి. మళ్లీ ఇగ్నైటర్ వెలిగిందంటే ముందు చిక్కటి పొగ పట్టేస్తుంది, తర్వాత అంతా ఒక్కసారి అంటుకుంటుంది. మూత ఎగిరిపడేంత పని అవుతుంది.

అయినా ముందు చూసుకోవాల్సింది యంత్రాన్ని కాదు, చికెన్‌ని. 40 నుంచి 140 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ఆ మధ్యలో రెండు గంటలకి మించి మాంసాన్ని ఉంచొద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. థర్మామీటర్ గుచ్చితే ముక్క లోపల 104 ఉంది. దాదాపు గంట అయిపోయింది, ఇంకో గంటుంది. వచ్చేవాళ్లలో ఇద్దరు గర్భిణులు, పదిమంది చిన్నపిల్లలు. రెండు ట్రేల్లో సర్ది వంటింటి ఓవెన్‌లోకి తోశాను, 375లో. పది కాకముందే 140 దాటింది. చికెన్‌కి 165 వస్తే చాలు, క్షేమం. లెగ్ పీస్ మాత్రం 175, 180 దాకా పోనిస్తేనే ఎముక దగ్గర మెత్తగా ఊడొస్తుంది. స్మోకర్‌కి వందలు పెట్టేవాళ్లు పదిహేను డాలర్ల థర్మామీటర్ కొనడానికి ఎందుకు ఆలోచిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. పొగ పట్టిన చికెన్ లోపల ఉడక్కపోయినా బయటికి ఎర్రగా, అద్భుతంగా కనబడుతుంది. కంటిని నమ్మొద్దు.

పార్టీ అయ్యాక, మర్నాడు ప్లగ్గు పీకేసి, పూర్తిగా చల్లారాక విప్పాను. లోపలి జాలీలు, నూనె జారే రేకు, దాని కింది అడ్డురేకు తీసేస్తే ఫైర్‌పాట్ కనబడుతుంది. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. గిన్నె నిండా పెల్లెట్లుంటే సరుకు వస్తోంది, నిప్పే నిలవట్లేదు. అప్పుడు బూడిద, గాలి, ఇగ్నైటర్ వైపు చూడాలి. గిన్నె ఖాళీగా ఉంటే సరుకే రావట్లేదు. మాది ఖాళీ. హాపర్‌లో మాత్రం పెల్లెట్లు నిండుగా ఉన్నాయి. ఒక్కోసారి మధ్యలో గుంటపడి, చుట్టూ పెల్లెట్లున్నా ఆగర్ మీదకి జారవు, చేత్తో కలిపితే సరిపోతుంది. మాకు అదీ కాదు.

అమ్మ అడుగునున్న పెల్లెట్ ఒకటి తీసి విరిచింది. టప్‌మని విరగాల్సింది, పొడైపోయింది. “తడిసిందిరా” అంది. ఆ వారమంతా ఈదురుగాలి వాన. హాపర్ మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండకి ఎండి ఒకచోట చీలి ఉంది. చుక్క చుక్కగా దిగిన నీళ్లకి అడుగున పెల్లెట్లు ఉబ్బి, ఆగర్ గొట్టంలో బిగుసుకుపోయాయి.

పెల్లెట్ని నీళ్లలో వేసి చూడండి, నిమిషాల్లో ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది. గొట్టంలో ఉబ్బితే వెళ్లడానికి చోటుండదు కాబట్టి సిమెంట్‌లా గట్టిపడుతుంది. దాన్ని కడిగేద్దామని నీళ్లు పోస్తే ఇంకా ఉబ్బుతుంది. హాపర్ ఖాళీ చేసి, మోటార్‌కీ ఆగర్‌కీ మధ్యనున్న బోల్టు తీసి, పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిపడినదాన్ని చెక్కుతూ, కడ్డీని అటూ ఇటూ తిప్పుతూ బయటికి లాగేసరికి రెండు గంటలు పట్టింది. పెల్లెట్లు ఇప్పుడు మూత బిగించిన అయిదు గ్యాలన్ల బకెట్లలో ఉంటాయి. వారం పైన వాడనంటే హాపర్ ఖాళీ. అన్నట్టు, ఇల్లు వెచ్చబెట్టుకునే స్టవ్‌ల కోసం అమ్మే పెల్లెట్లు వేరు. చవకని అవి పోయకండి, ఏ చెక్కతో చేస్తారో చెప్పలేం.

బూడిద గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు మూడు వంటలకోసారి, చల్లారాక, వ్యాక్యూమ్‌తో లాగేయాలి. ‘చల్లారాక’ అన్నది మాత్రం రెండుసార్లు చదవండి. పైకి చల్లగా కనబడే బూడిదలో నిప్పురవ్వ మర్నాటిదాకా బతికుంటుంది. వ్యాక్యూమ్ సంచిలోకి వెళ్లిందా, ఇక అదే కుంపటి.

నాకు నిజంగా భయం వేసేది నూనెతోనే. మా వీధి చివరింట్లో పోయిన వేసవిలో స్మోకర్‌లో మంట లేచింది. ఎన్నో వంటల కొవ్వు లోపలి రేకు మీద పేరుకుంది, ఆ రోజు వేడి పెంచగానే అంటుకుంది. ఏమైందోనని మూత ఎత్తారు. గాలి తగిలి మంట మనిషెత్తు లేచింది. కంచె పలకలు రెండు నల్లబడ్డాయి. అదృష్టం, గోడ కాస్త దూరంలో ఉంది. మంట కనబడితే మూత వేసే ఉంచాలి. అందుబాటులో ఉంటే కరెంటు తీసేయాలి. నీళ్లు పోయకూడదు. ఆరకపోతే 911. అప్పట్నుంచి నేను ప్రతి పెద్ద వంట తర్వాత రేకు గీకి, మీద కొత్త ఫాయిల్ వేస్తున్నాను. విసుగే, కానీ పది నిమిషాల పని. వాన పడుతోందని గరాజ్‌లోకి తోసుకుని వండేవాళ్లని కూడా చూశాను. అది కుంపటి పెట్టుకుని తలుపులేసుకున్నట్టే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు.

సెన్సర్ సంగతి కొంచెం తమాషా. కొవ్వూ మసీ పట్టేస్తే దానికి వేడి ఆలస్యంగా తెలుస్తుంది. పాపం కంట్రోలర్ దాని మాటే నమ్మి ఎక్కువ పెల్లెట్లు వేసేస్తుంది, తర్వాత కంగారుపడి ఆపేస్తుంది. ఉష్ణోగ్రత ఊయలూగుతుంటే పార్టులు ఆర్డర్ పెట్టేముందు ఒక తడిగుడ్డతో ఆ కడ్డీని తుడిచి చూడండి. నాకు రెండుసార్లు అంతటితోనే సరిపోయింది.

అమ్మ వెళ్లడానికి రెండు వారాల ముందు స్మోకర్ ఆన్ చేసిన మూడో నిమిషానికల్లా బయటి ప్లగ్ బోర్డులో సేఫ్టీ స్విచ్ టప్‌మని పడిపోవడం మొదలైంది. ప్లగ్గు పీకి, ఇగ్నైటర్ వైర్లు రెండూ కంట్రోలర్ నుంచి ఊడదీసి, మళ్లీ పెట్టి చూశాను. పడలేదు. దొంగ దొరికాడు. కొత్తది ఆర్డర్ పెట్టాను, మంగళవారం వస్తుందన్నారు. ఆదివారం వంటకి మేక జబ్బ అప్పటికే మసాలాలో నానుతోంది.

ఇగ్నైటర్ పని ఆ మొదటి నిమిషాలదే, నిప్పు చేత్తో పెట్టుకోవచ్చు. ఫైర్‌పాట్‌లో గుప్పెడు పెల్లెట్లు వేశాను. అమ్మ కర్పూరం తెచ్చింది. తిండి వండేదాంట్లో వద్దన్నాను. వెళ్లి నెయ్యిలో తడిపిన వత్తి తెచ్చి, పెల్లెట్ల మధ్య దూర్చి, తనే వెలిగించింది. నాలుగు నిమిషాల్లో పెల్లెట్లు బాగా అంటుకున్నాక అడ్డురేకు, జాలీలు సర్దేసి స్మోకర్ ఆన్ చేశాను. ఫ్యాన్ అందుకుంది. ముందు తెల్లటి పొగ, పావుగంటకి కనబడీ కనబడని నీలం పొగ. అదొచ్చాకే మాంసం పెట్టాలి. 250లో ఆరు గంటలు, మధ్యాహ్నం రెండింటికి జబ్బ ఎముక చేత్తో లాగితే వచ్చేసింది.

ఇగ్నైటర్ మంగళవారమే వచ్చింది. రెండు స్క్రూలు, రెండు వైర్లు, ఇరవై నిమిషాలు.