మా గాజుతొట్టి నేర్పిన పాఠము

గడచిన దసరా సెలవుల పిమ్మట మా వసతిగృహమునకు ఇద్దరు క్రొత్త అతిథులు వచ్చిరి. సిరిమాను ఉత్సవమునకు విజయనగరము పోయివచ్చిన మా సహపాఠి యొకడు నీరు నింపిన సంచిలో రెండు బంగారు చేపలను శ్రీకాకుళమునకు తెచ్చెను. సుమారు వెయ్యి సంవత్సరములకు పూర్వమే చీనాదేశీయులు చెరువులలో ఎఱ్ఱని చేపలను ఏరి పెంచి యీ జాతిని రూపొందించిరట. మేము వానికి మన సీమ నదుల పేర్లే పెట్టితిమి. ఒకటి నాగావళి, రెండవది వంశధార.

గాజుతొట్టిని కడిగి, నిలువ నీరు పోసి, కిటికీకడ నుంచితిమి. ప్రార్థన ముగిసిన వెంటనే తొట్టియొద్దకు పరుగెత్తుటయే మా నిత్యకృత్యమాయెను. అయిదవనాడు వంశధార నీటిపైకి వచ్చి నోరు తెఱచి రొప్పసాగెను. మఱునాటి ఉదయమున అది ప్రక్కకు ఒరిగి తేలియుండెను.

చేపలను తెచ్చిన మిత్రుడు ప్రతిదినము నాలుగు చెంబుల నీరు తీసి, ముందునాడు పట్టి యుంచిన నీరు పోయుచుండెను. "నీవు కదలించుట చేతనే చచ్చినది" అని మేమందఱము వానిని నిందించితిమి. వాడు బదులు పలుకలేదు. ఆ రాత్రి భోజనమునకును రాలేదు. తొమ్మిదవనాడు నాగావళియు మరణించెను. దానిని జామచెట్టు క్రింద పాతిపెట్టుచుండగా కొందఱు నవ్విరి. చేపలకూర నిత్యాహారముగా గల యీ తీరసీమలో రెండు చిన్న చేపలకై కన్నీరేల యనిరి. సముద్రపు వేటకు పోవు కుటుంబములోని బాలుడొకడు మాత్రము నవ్వక, గుంట త్రవ్వుటకు మాకు తోడ్పడెను.

సైన్సు మాస్టారుగారు మమ్ము తొట్టి చుట్టు నిలిపి, "ఎవరెవరు ఏమి పెట్టితిరో నిజము చెప్పుడు" అనిరి. ఒకడు మెతుకులనెను, ఒకడు అటుకులనెను, మఱియొకడు బిస్కత్తు పొడి యనెను. ఇరువదిమందిమి పెట్టితిమి, ప్రతివాడును తానొక్కడే పెట్టుచున్నానని తలచెను!

మాస్టారుగారు వివరించిరి. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విడుచును. తినక మిగిలిన మేత క్రుళ్ళినను అదియే పుట్టును. ప్రాత తొట్టిలో సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఆ జీవులు వృద్ధిపొందుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. అంతవఱకు చేప తన విషములోనే యీదును. పైగా 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీలలో 7.5 మాత్రమే యిముడ్చుకొనును. "ప్రతిదినము కొంత నీరు మార్చినవాడే వానికి మేలు చేసినవాడు" అని చెప్పి ఆయన మిన్నకుండిరి.

మా తలలు వంగినవి. చేపల మరణముకంటె మిత్రుని మౌనమే మమ్మెక్కువగా బాధించెను. ఆ సాయంకాలము వానియొద్దకు పోయి క్షమింపుమని వేడితిమి. వాడు, "తొట్టి ఎండనీయకండర్రా" అని మాత్రమనెను.

మేము ఎండనీయలేదు. నాగావళి యిసుకను కడిగి వేసి, నీటిమొక్కలు నాటి, సూక్ష్మజీవుల కొఱకు దినమునకు చిటికెడు మేత మాత్రము వేయుచు ఆఱు వారములు వేచితిమి. సంక్రాంతి పిమ్మట మరల రెండు చేపలు వచ్చినవి. ఇప్పుడు గోడమీద పట్టిక యున్నది. దినమున కొక్కడే, రెండు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయును. నీరు మార్చు పని ఆ మిత్రునిదే. ఈ చేపలకు ప్రాత పేర్లు పెట్టలేదు. ఆ పేర్లు జామచెట్టు క్రింద నున్నవానివి.

చిన్న తరగతుల సోదరులారా! ప్రేమించుట మాత్రమే చాలదు. ప్రేమించిన దాని అవసరమును తెలిసికొనవలెను. నష్టము కలిగినపుడు ఇతరునిపై వ్రేలు చూపుటకు ముందు, మన చేతిలోని మెతుకులను లెక్కించుకొందము.