పంచెకు దండ, పంచెకు కసురు

అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీ నుండి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వరకు ఒక సాయంత్రం మేము నడిచాము. త్యాగరాయ గానసభలో సన్మానసభ జరుగుతోంది. రోజూ ప్యాంటు తొడిగే నాయకులు కూడా ఆ వేళ జరీ అంచు పంచె, కండువాతో వేదిక ఎక్కారు.

స్కాట్లండు నాయకులు ఉత్సవాలకు ధరించే కిల్టు మాకు జ్ఞాపకం వచ్చింది. మోకాళ్ల వరకు కుచ్చెళ్లుగా కట్టే గళ్ల వస్త్రమది. తిరుగుబాటు చేసిన కొండప్రాంతంవారి దుస్తులని 1746 నాటి చట్టం దాన్ని నిషేధించింది. 1782లో ఆ నిషేధం తొలగింది. 1822లో నాల్గవ జార్జి రాజే దాన్ని ధరించి ఎడిన్‌బరోలో దర్శనమిచ్చాడు!

మన నగరంలోనూ నిజాం దర్బారుకు షేర్వాణీయే మర్యాద. నారాయణగూడకు దాపునే ఉన్న లాల్‌బహదూర్ స్టేడియంలో 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు తెల్లని పంచెకట్టుతోనే ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

గానసభ దాటాక చిక్కడపల్లి మార్కెట్టు దగ్గర, మాసిన పంచె ఎగగట్టి బస్తా మోస్తున్న ఒక పెద్దాయనను "ఏయ్, తప్పుకో" అని ఒక కుర్రవాడు కసిరాడు. వేదికమీద పంచెకు దండ, వీధిలో పంచెకు కసురు! వస్త్రాన్ని గౌరవించడం సులువే. దాన్ని రోజూ కట్టే మనిషిని గౌరవించడం మన పిల్లలకు ఇంట్లోనే నేర్పుదాము.