ఏజెన్సీ అంటే ఎవరిది?

ఏజెన్సీ అనే ఇంగ్లీషు మాట తెలియనివాళ్లు మన గూడేల్లో లేరు. బడి గడప తొక్కని ముసలమ్మ కూడా మైదానంలో "ఏ ఊరు?" అని అడిగితే "ఏజెన్సీ నుంచి వచ్చాం" అంటుంది. ఊరి పేరు చెప్పినా వాళ్లకు తెలియదని ఆమెకు తెలుసు. ఇంతగా మనకు అంటుకుపోయిన మాట ఎక్కడిదో పిల్లలకు చెప్పాల్సింది మనమే.

దీని మూలం లాటిన్. చేయడం అని అర్థం. ఏజెంటు అంటే చేసేవాడు, ఇంకొకరి తరఫున చేసేవాడు కూడా. 1839లో తెల్లదొరలు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి, కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. ఆ హోదాలో ఆయన గవర్నరు ఏజెంటు. ఏజెంటు ఏలే నేల కాబట్టి ఏజెన్సీ. ఆ పేరులో మన కొండ లేదు, అడవి లేదు, మనం లేము. ఏలడానికి వచ్చిన అధికారి ఉన్నాడు.

దొరలు పోయినా పేరు పోలేదు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం మనవి షెడ్యూల్డు ప్రాంతాలు. బస్సులో, పేపర్లో మాత్రం ఏజెన్సీయే. వానాకాలం వస్తే "ఏజెన్సీ జ్వరాలు" అని వార్త. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అనుకునే ఉద్యోగులను చూస్తూనే ఉన్నాం. ఐటీడీఏ చివర ఉన్నదీ ఈ మాటే, అక్కడ సంస్థ అని అర్థం. గ్యాసు బండ ఇచ్చేదీ ఏజెన్సీయే, ఔట్‌సోర్సింగు కొలువు ఇచ్చేదీ ఏజెన్సీయే.

ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. తన బతుకు గురించి తానే నిర్ణయించుకుని నడుచుకునే శక్తిని కూడా ఇంగ్లీషులో ఏజెన్సీ అంటారు. ఏజెన్సీలో పుట్టిన మనకు ఆ ఏజెన్సీ ఎంత ఉంది?

2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. పిల్లలకు ఇంటి భాషలో పాఠం విప్పి చెప్పే మనిషి బడిలో ఉన్నాడు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్లను షరతులతో ఉండనిచ్చింది. దెబ్బ మన వెనక డీఎడ్ చదివిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తగిలింది. మన బడిలో ఎవరు చెప్పాలో తేల్చింది మనం కాదు.

అందుకే తోటి టీచర్లకు ఒక మాట. ఈ పదం పాఠంలో వస్తే మూడు అర్థాలూ చెప్పండి. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలు కూడా అదే రోజు చెప్పండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి గ్రామసభ జరిగితే సంతకం పెట్టి వచ్చేయకండి. తీర్మానం చదివించుకోండి, నచ్చకపోతే లేచి చెప్పండి. మూడో అర్థం మనకు అక్కడే మొదలవుతుంది.