చుక్కలు లెక్కపెట్టేవారు

పలాస జీడి పరిశ్రమల్లో పప్పు ఏరే ఆడవాళ్ళని మీరెప్పుడైనా చూశారా? నిండు గింజ ఓ రాశి, బద్ద ఓ రాశి, ముక్క ఓ రాశి. చెయ్యి ఆడుతున్నంతసేపూ ఏ గింజకి ఆ రాశి దొరుకుతూనే ఉంటుంది. రుచి చూడరు. రంగూ, పరిమాణమూ చూడ్డమే వాళ్ళ పని. సినిమా సమీక్షలు చదివినప్పుడల్లా నాకా రాశులే గుర్తొస్తాయి. ఒకదానికి మూడు చుక్కలు, ఇంకోదానికి మూడున్నర! తక్కిన అర చుక్క ఎక్కడ తెగిపోయిందో ఆ రాసిన మహానుభావుడికే తెలియాలి.

2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. ఫుట్‌బాల్ కథ. దర్శకుడు అమిత్ శర్మ, ముఖ్యపాత్ర అజయ్ దేవగణ్. సమీక్షకులు చాలామంది మెచ్చుకున్నారు. దేవగణ్ ఎక్కడా అతి చెయ్యలేదన్నారు, ఆఖరి ఆట ఒళ్ళు గగుర్పొడిచేలా తీశారన్నారు. వెంటనే వంకలూ పెట్టారు. మూడు గంటల నిడివి ఎక్కువన్నారు. మొదటి సగం నత్తనడక అన్నారు. అన్నిటికన్నా పెద్ద వంక, తెలిసిన కథే కదా అని. ఓడిపోతారనుకున్న వాళ్ళు చివరికి గెలుస్తారు, ఇందులో కొత్తేముందీ అని.

అవునండీ, ఆ మాట నిజమే. మా కోటబొమ్మాళిలో కొత్తమ్మ తల్లి జాతరా ఏటా జరిగేదే. అదే తల్లి, అవే మొక్కులు. తెలిసిందే కదా అని ఆ రోజు తలుపేసుకుని ఇంట్లో కూర్చున్న ఆడమనిషిని నేనింతవరకూ చూడలేదు.

అయినా నాకో సందేహం. అసలా కథ ఎవరికి తెలుసు? సయ్యద్ అబ్దుల్ రహీం అనే పేరు ఈ సినిమాకి ముందు మీలో ఎంతమంది విన్నారు? పరాయివారు కాదు, మన హైదరాబాదు మనిషి. బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన చేతికింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవాళ్ళని 2-0తో ఓడించింది. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ ఆ కొరియాయే ఎదురైంది. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరిచే జనం. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ గోలు కొట్టాడు, పి.కె. బెనర్జీ ఇంకోటి కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదైంది. ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం గారు కాన్సరుతో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం మళ్ళీ మనకి రానేలేదు.

ఇంత కథా మనమే మర్చిపోయి, తీరా ఎవరో గుర్తుచేస్తే తెలిసిందే అనడం ఏం న్యాయం?

ఇంట్లో టీవీలో ఈ సినిమా చూస్తున్నప్పుడు మా వదిన, “ఇదేటమ్మా, ఈయన ఒక్కసారీ బంతి తన్నడు, ఈయన హీరో ఏటి?” అంది. ఏ సమీక్షలోనూ కనబడని ప్రశ్న! బంతి తన్నేవాళ్ళు గీత లోపల ఉంటారు. ఈయన గీత బయట నిలబడి గుండె చిక్కబట్టుకుంటాడు. మన శ్రీకాకుళం ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెస్తే దేశమంతా పొంగిపోయింది. చిన్నప్పుడు ఆవిడకి బరువులెత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు ఎంతమందికి గుర్తుంది? పిల్లల పరీక్షలకి తెల్లవారుజామున లేచి కాఫీ కాచిన తల్లులకి ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకూ ఒక వంక ఉంది. రహీం భార్య సైరాగా ప్రియమణి నటించింది. నిండుగా చేసింది. కానీ ఆవిడకి దక్కిన చోటెంతనీ! మూడు గంటలు ఎక్కువయ్యాయని గోల పెట్టినవాళ్ళు, ఆ మూడు గంటల్లో భర్త జబ్బునీ, ఇంటినీ మోసిన మనిషికి ఇంకో పది నిమిషాలు ఇవ్వొచ్చు కదా అని అడగాల్సింది. గీత బయట నిలబడ్డవాడి కథ తీసినవాళ్ళు కూడా, ఆయన వెనక నిలబడ్డావిడని గీతకి మరీ దూరంగా నిలబెట్టారు.

అన్నట్టు, ఈ సినిమాలో ప్రతినాయకుడెవరనుకున్నారు? పేపర్లో రాసే మనిషే! రాయ్ చౌదరి అనే క్రీడా పాత్రికేయుడు. గజరాజ్ రావు చేశాడు. కలం పట్టుకుని రహీం మీద పగబడతాడు. అలాంటి పాత్ర ఉన్న సినిమాకి కలం పట్టినవాళ్ళే మంచి మార్కులు వేశారంటే వాళ్ళ పెద్దమనసుని మెచ్చుకోవాల్సిందే.

కానీ ఆ మార్కులు సినిమాని ఆడించలేకపోయాయి. బాగుందన్న మాట నలుగురి నోటా వినబడింది, హాళ్ళు మాత్రం నిండలేదు. మంచివాడని ఊరంతా అంటూనే ఎవరూ గుమ్మం తొక్కని ఇళ్ళు మనం చూడలేదూ? రహీం గారికి బతికుండగా అంతే జరిగింది, ఆయన సినిమాకీ అంతే జరిగింది. చుక్కలు ఎన్నిచ్చారని వెతకడం మానేసి, ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చివర్లో కళ్ళు తుడుచుకుంటే తుడుచుకోండి, తప్పేం లేదు.