వుడ్‌వర్డ్ రహదారిపై పాత కార్లు

అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి వెళ్ళిన యాత్రికులు నదీతీరాన్నీ, ప్రదర్శనశాలలనూ చూసి వస్తారు. యంత్రాలతో జీవితం గడిపిన మనవంటివారికి మాత్రం అక్కడ ఒక రహదారే గొప్ప ప్రదర్శనశాల. దాని పేరు వుడ్‌వర్డ్ అవెన్యూ. నది ఒడ్డున మొదలై, వాయవ్య దిశగా సుమారు 27 మైళ్ళు సాగి పాంటియాక్ పట్టణం చేరుతుంది. 1909లో ఈ దారిలోనే ఒక మైలు పొడవున కాంక్రీటు పరచి, మోటారు వాహనాలకు తగిన రోడ్డు ఎలా ఉండాలో చూపించారు. ఈ దారి పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో ఫోర్డ్ సంస్థ కదిలే అసెంబ్లీ లైనును ప్రవేశపెట్టింది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఆ శివార్లలో నివసిస్తున్నందున, ఒక ఆగస్టు మాసం అక్కడ గడిపే అవకాశం నాకు లభించింది. 1995లో మొదలైన వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఉత్సవం జరిగేది ఆ నెల మూడవ శనివారంనాడే. దారికి ఇరువైపులా మడత కుర్చీలు వేసుకొని కుటుంబాలు కుటుంబాలుగా జనం కూర్చుంటారు. వారి కళ్ళెదుట వేలాది పాత కార్లు మందగమనంతో సాగిపోతూ ఉంటాయి.

వీటిలో అందరి చూపునూ ఆకర్షించేవి మజిల్ కార్లు. మధ్యతరగతివారు కొనుక్కోగల సామాన్యమైన కారులో, పెద్ద కార్లకు ఉద్దేశించిన బలమైన ఇంజన్‌ను అమర్చితే తయారైనది మజిల్ కారు. 1964లో వెలువడిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ యుగం మొదలైందని పలువురి అభిప్రాయం. దాని ఇంజన్ పరిమాణం 389 ఘనపుటంగుళాలు, అనగా దాదాపు 6.4 లీటర్లు. మన అంబాసిడర్‌లో చిరకాలం ఉన్నది ఒకటిన్నర లీటర్ల ఇంజన్ అని గుర్తుచేసుకుంటే వ్యత్యాసం బోధపడుతుంది.

మా అబ్బాయి ఇంటి వీధిలోనే, కార్ల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన వద్ద 1968 నాటి షెవర్లే షెవెల్ కారు ఉంది. అది వారి తండ్రిగారు కొన్నది. దానికి ‘ఫ్యాక్టరీ ఎయిర్’ ఉందని ఆయన గర్వంగా చెప్పారు. అనగా తరువాత బిగించినది కాక, కర్మాగారంలోనే అమర్చి పంపిన ఎయిర్ కండిషనింగ్. కారుకు ఈ సౌకర్యాన్ని మొట్టమొదట కర్మాగారం నుంచే అందించినది ప్యాకార్డ్ సంస్థ, 1940 నమూనాలో. 1968 నాటికి కూడా అది అదనపు ధర చెల్లించి కోరుకోవలసిన విలాసమే. ఆ కారు ఇంజన్ దిమ్మకు పగులు వచ్చింది. చల్లదనం ఏనాడో పోయింది. రెండింటినీ ఒకేసారి సరిచేస్తున్న ఆయన షెడ్డులో నేను పలు సాయంత్రాలు గడిపాను.

చల్లదనాన్ని తిరిగి తేవడమంటే వాయువు నింపడమేనని అనుకొంటాము. కాని ఆ యంత్రం ఆర్-12 అనే వాయువుకోసం తయారైనది. ఓజోన్ పొరకు హాని చేస్తున్నందున, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని అనుసరించి 1995 చివరికి అమెరికాలో దాని ఉత్పత్తి ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ వాయువు పాత ఖనిజ తైలంలో కలవదు. తైలం వాయువుతోపాటు తిరిగి రాకపోతే కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. కనుక పాత తైలాన్ని కడిగివేసి, వేరే జాతి నూనె పోయాలి. రబ్బరు వలయాలు మార్చాలి. పాత గొట్టాలగుండా కొత్త వాయువు జారిపోతుంది కనుక లోపలి పొర ఉన్న గొట్టాలు వేయాలి. తేమను పీల్చే డ్రయర్‌నూ మార్చాలి. కొత్త వాయువుకు పీడనం ఎక్కువ కనుక కండెన్సర్ సామర్థ్యం పెంచాలి.

మరో సూక్ష్మం ఉంది. ఆనాటి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. లోపలి ఎవాపరేటర్ గడ్డకట్టకుండా ఒక వాల్వు పీడనాన్ని నిలుపుతుంది. సున్నా డిగ్రీల వద్ద ఆర్-12 పీడనం సుమారు 30 పౌండ్లు. ఆర్-134ఏది సుమారు 28. ఈ రెండు పౌండ్ల తేడాకోసం వాల్వును తిరిగి సరిదిద్దాలి. లేకుంటే కారులో తగినంత చల్లదనం రాదు.

ఇక ఇంజన్ సంగతి. ఆయన ఎన్నుకొన్నది 1997లో కార్వెట్ కారుతో వచ్చిన ఎల్.ఎస్. కుటుంబానికి చెందిన అల్యూమినియం ఇంజన్. పాత కార్బురేటరుకు ఐదారు పౌండ్ల పీడనంతో పెట్రోలు అందితే చాలు. దీనికి 58 పౌండ్లు కావాలి. పంపు మారాలి, పైపులు మారాలి, ఎలక్ట్రానిక్ నియంత్రణ రావాలి. అన్నిటికన్నా చిక్కు కంప్రెసర్‌ది. కొత్త ఇంజన్‌లో దాని స్థానం అడుగున ఉంది; పాత కారు చట్రానికి తగులుతుంది. దానిని పైకి ఎత్తితే, ఇంజన్ వెనుక అడ్డుగోడకు బిగించిన పెద్ద ఎవాపరేటర్ పెట్టె చోటివ్వదు. “ఆ పెట్టె తీసివేసి, చిన్న కొత్త పరికరం బిగించమని అందరూ అన్నారు. అప్పుడది మా నాన్నగారి కారు కాదు,” అన్నారాయన. ఆయన మూడుసార్లు బ్రాకెట్టు తయారుచేయగా, మూడవది సరిపోయింది.

ఈ రెండు మరమ్మతుల వెనుక ఉన్న చరిత్ర ఒకే మనిషిని తలపిస్తుంది. జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ 1921లో, పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజన్ కొట్టుకోదని కనుగొన్నారు. తరువాత కొన్ని యేండ్లకే, విషం కాని, నిప్పంటుకోని శీతలీకరణ వాయువులను రూపొందించిన బృందానికీ ఆయనే నాయకులు. మజిల్ కారు బలం మొదటిదానిపై, చల్లదనం రెండవదానిపై ఆధారపడ్డాయి. ఆ కాలానికి అవి రెండూ వరాలే. సీసపు పెట్రోలు 1996లో అమెరికా రోడ్లపై నిషిద్ధమైంది. మన దేశంలో 2000లో తొలగిపోయింది. ఆర్-134ఏ కూడా భూతాపాన్ని పెంచుతుందని తేలి, కొత్త కార్లలో మరో వాయువు ప్రవేశించింది.

ఆయన పనిలో ఒక నియమం కనిపించింది. చట్రంలో ఎక్కడా రంపం పెట్టలేదు. కొత్త రంధ్రం వేయలేదు. బ్రాకెట్టు కూడా పాత రంధ్రాలకే బిగించారు. పగిలిన పాత ఇంజన్‌కు నూనె పూసి, గుడ్డ కప్పి షెడ్డు మూలన ఉంచారు. దిమ్మపై ముద్రించిన అంకెలు కారు సంఖ్యతో సరిపోవాలని కోరే కొనుగోలుదారులకు ఈ మార్పు రుచించదని ఆయన ఎరుగుదురు. “నా మనుమడు కావాలనుకుంటే ఒక వారంలో దీనిని యథాతథంగా చేసుకోవచ్చు,” అన్నారు.

పాత యంత్రాలను నడిపే బాధ్యత గల మనందరికీ ఇది ఆలోచించదగిన మాట. విడిభాగాలు దొరకని పంపుకో, కంప్రెసర్‌కో మార్పు చేయవలసిన రోజు ప్రతి కర్మాగారంలోనూ వస్తుంది. మార్చిన భాగం ఒక్కటే అయినా, దానితో ముడిపడిన నూనె, గొట్టం, పీడనం, బ్రాకెట్టు అన్నీ లెక్కకు వస్తాయి. మన తరువాత వచ్చేవారు విప్పి మరల బిగించుకోగలిగేలా ఆ మార్పు ఉండాలి. అయితే గాలిలోకి వదిలిన వాయువును మాత్రం ఎవరూ వెనక్కు తేలేరు. అందుకే ఆయన తొలి పనిగా, ఆ కారులో మిగిలిన కొద్దిపాటి ఆర్-12ను అర్హత గల మెకానిక్ చేత సిలిండరులోకి పట్టించారు. ఆ తరువాతనే మొదటి నట్టు విప్పారు.